రేపల్లె ప్యాసింజర్, నేను చెప్పిన సినిమాలు

మా బైపీసీ క్లాసులో 70 మందిమి. అమ్మాయిలం 26 మందిమి, ఎడమవైపు బెంచీల్లో కూర్చునేవాళ్లం. అబ్బాయిలు కుడివైపు. మధ్యలో లెక్చరర్ నడిచే దారి. ఇంటర్ రెండేళ్లలో ఆ దారికి అటూ ఇటూ నడిచిన మాటలు నాకు దాదాపు అన్నీ గుర్తున్నాయి, అంత తక్కువ కాబట్టి. "రికార్డు ఎప్పటిలోగా ఇవ్వాలంట?" "బోటనీ సారు ఇవాళ రారంట." అంతే. 2001 జూన్ నుంచి 2003 మార్చి దాకా తెనాలిలో నా చదువు అలా సాగింది.

అవే రోజుల్లో సినిమాల్లో కాలేజీ ఇంకోలా ఉండేది. లాన్‌లో అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి కూర్చునేవాళ్లు. క్యాంటీన్‌లో పాటలు పాడుకునేవాళ్లు. మా కాలేజీలో క్యాంటీన్ అంటే గేటు బయట బఠాణీల బండి.

అయినా ఆ సినిమాలు మావి అనిపించాయి. అది చిన్న విషయం కాదు. మా అక్కల కాలంలో కాలేజీ కుర్రాడి వేషం వేసే హీరో మా బాబాయి వయసులో ఉండేవాడు. 2000లో 'చిత్రం' వచ్చేనాటికి ఉదయ్ కిరణ్‌కి ఇంకా 20 నిండలేదు. 'జయం' నాటికి నితిన్‌కి 19. సదాకి కూడా అదే మొదటి సినిమా. మా వీధిలో సైకిల్ తొక్కుకుంటూ పోయే అబ్బాయిలూ, ఓణీ సర్దుకుంటూ బస్సెక్కే అమ్మాయిలూ తెర మీదికి వెళ్లినట్టుండేది. ఆర్పీ పట్నాయక్ పాటలు మా ఇళ్లలోనే పుట్టినంత తేలిగ్గా నోటికి వచ్చేవి. రికార్డింగ్ షాపులో కాగితం మీద పాటల లిస్టు రాసిచ్చి, ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించుకునేవాళ్లం. లిస్టులో ఏ పాట ముందు, ఏది వెనక అని నేనూ మా అక్కా పోట్లాడుకునేవాళ్లం.

నా స్నేహితురాలి పేరు ఇక్కడ రాయను. తను రేపల్లె లైన్లో ఒక ఊరి నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేది. పొద్దున రైలు దిగి కాలవ పక్కగా నడిచి కాలేజీకి వచ్చేసరికి చెప్పుల నిండా దుమ్ము. క్యారేజీలో ఎప్పుడూ గోంగూర పచ్చడి, లేదంటే ముద్దపప్పు. సాయంత్రం మళ్లీ అదే రైలు. మా ఇల్లు స్టేషన్‌కి దగ్గర కాబట్టి తన రైలు వచ్చేదాకా నేనూ ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ మీద కూర్చునేదాన్ని. రైలు లేటయితే గంట, ఒక్కోసారి గంటన్నర.

తను సినిమాలు చూడలేదు. ఆదివారాలు పొలం పనులు. మిగతా రోజుల్లో సినిమాకి వెళ్తే రైలు తప్పిపోతుంది. వాళ్లింట్లో టీవీ లేదు. అందుకని నేను చూసిన ప్రతి సినిమా తనకి చెప్పేదాన్ని. పేర్లు పడే దగ్గర్నుంచి మొదలుపెట్టి, పాటలు పాడి, ఫైట్లు మాత్రం వదిలేసి చెప్పేదాన్ని. 2001 ఆగస్టులో 'నువ్వు నేను' వచ్చినప్పుడు మా అమ్మతో వెళ్లి ఆడవాళ్ల క్యూలో నిలబడి టికెట్ తెచ్చుకుని చూశాను. పెద్దింటి అబ్బాయి, పాలమ్ముకునే ఆయన కూతురు. ఏడాది పాటు ఒకరినొకరు చూసుకోకుండా ఉండాలన్న షరతు. ఆ కథ తనకి చెప్పడానికి మూడు సాయంత్రాలు పట్టింది. రైలు కూత వినపడగానే ఆపేసేదాన్ని. తను పుస్తకాలు గుండెకి హత్తుకుని పరిగెత్తుతూ, "రేపు ఇక్కడి నుంచే చెప్పాలి, మర్చిపోకే!" అని అరిచేది. రైలెక్కాక లేడీస్ పెట్టె కిటికీలోంచి చెయ్యి ఊపేది.

అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు నా జీవితంలో మళ్లీ లేరు.

అక్టోబరులో 'మనసంతా నువ్వే' వచ్చింది. చిన్నప్పుడు విడిపోయిన ఇద్దరు పిల్లలు పెద్దయ్యాక కలుసుకోవడం. అందులో పిల్లలు పాడే తూనీగ పాట నేర్పమని తను వారం రోజులు వెంటపడింది. తనకి గొంతు బాగుంటుంది. ఒక సాయంత్రం ప్లాట్‌ఫారం మీద పాడితే, పక్కన బుట్టలో జామకాయలు పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ ఒక కాయ తీసి తన చేతిలో పెట్టింది. ఇద్దరం చెరో సగం తిన్నాం.

సెకండియర్‌కి వచ్చేసరికి తన రైల్లో ఒకడు ఎక్కడం మొదలుపెట్టాడు. డిగ్రీ చదువుతున్నాడట. ముందు వేరే పెట్టెలో ఉండేవాడు. తర్వాత లేడీస్ పెట్టె పక్కనున్న పెట్టె గుమ్మంలో నిలబడేవాడు. ఆ తర్వాత తెనాలిలో దిగి, పది అడుగుల వెనకగా మా కాలేజీ గేటు దాకా వచ్చేవాడు. ఏమీ అనేవాడు కాదు. పాట ఒకటి ఈల వేసేవాడు. సాయంత్రం మేం స్టేషన్‌కి వచ్చేసరికి నీళ్ల పంపు దగ్గర ఉండేవాడు.

తను ఈ సంగతి నాకు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. కెమిస్ట్రీ ల్యాబ్ అయిపోయింది. బయట వాన. మెట్ల మీద నిలబడి, "నాకు భయంగా ఉందే" అంది.

నేనన్నాను, "భయం దేనికే? రోజూ నీ కోసం వస్తున్నాడు. ఎంత అదృష్టం ఉండాలి!"

ఈ మాట తేలిగ్గా రాయలేకపోతున్నాను. కానీ నేనన్న మాట అదే. నాకు నిజంగా అలాగే అనిపించింది. పదహారేళ్ల పిల్లని. నేను చూసిన ప్రతి సినిమాలో ప్రేమ అలాగే మొదలయింది. అబ్బాయి వెంటపడతాడు, అమ్మాయి విసుక్కుంటుంది, ఒక పాట తర్వాత నవ్వుతుంది. ఆ విసుగు నిజంగా విసుగే అయ్యుండొచ్చని నాకు తట్టలేదు.

అప్పుడే, 2002 జూన్‌లో, 'జయం' వచ్చింది. అందులో హీరోయిన్ రైల్లో కాలేజీకి వెళ్తుంది. హాల్లో రైలు కనపడగానే నా ఒళ్లు జలదరించింది. ఇంటర్వెల్‌లోనే నిర్ణయించుకున్నాను, ఇది తన కథే అని. మర్నాడు బెంచీ మీద కూర్చోబెట్టి మొదలుపెట్టాను. ఆ రోజు ఎప్పటికన్నా బాగా చెప్పాను. హీరో సంగతి వచ్చినప్పుడల్లా నీళ్ల పంపు వైపు చూసి నవ్వాను. తను నవ్వలేదు. కథ మధ్యలో, "ఇవాళ్టికి చాల్లే" అంది. అలా అనడం అదే మొదటిసారి.

ఆ సినిమా గురించి తర్వాత చాలాసార్లు ఆలోచించాను. అందులో ఆ అమ్మాయి కోసం హీరో తిరుగుతాడు, గోపీచంద్ వేసిన విలనూ తిరుగుతాడు. ఇద్దరూ వదలరు. ఒకడిది ప్రేమ, ఇంకొకడిది పీడ అని మనకి ఎలా తెలుస్తోంది? ఆ అమ్మాయికి ఎవరిష్టమో సినిమా ముందే చెప్పేస్తుంది కాబట్టి తెలుస్తోంది. తేడా అంతా ఆ అమ్మాయి మనసులో ఉంది. మా ప్లాట్‌ఫారం మీద కూడా అంతే కదా. తన మనసులో ఏముందో తను నాకు చెప్పింది. "భయంగా ఉంది" అని రెండు మాటల్లో చెప్పింది. నేను వినలేదు.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. కుడివైపు బెంచీల్లో ఒక అబ్బాయి ఉండేవాడు. సన్నగా, కళ్లజోడుతో, ఎప్పుడూ తల దించుకునే. ఒకసారి నాకు జ్వరం వచ్చి పది రోజులు కాలేజీకి పోలేదు. జువాలజీ రికార్డు సగంలో ఆగిపోయింది. అటెండరు చేత నా రికార్డు అడిగించి తీసుకుని, నాలుగు రోజుల తర్వాత అటెండరు చేతే తిరిగి పంపించాడు. నేను తలుపు వేసుకుని ఒక్కో పేజీ తిప్పాను. ఉత్తరం ఉంటుందనుకున్నాను. అట్ట పట్టుకుని దులిపాను కూడా. ఏమీ రాల్లేదు. బొద్దింక నోటి భాగాల బొమ్మ, వానపాము అడ్డుకోత, మిగిలిపోయిన బొమ్మలన్నీ గీసి ఉన్నాయి. పెన్సిల్ చెక్కి, సన్నటి గీతలతో, స్కేలు పెట్టి పేర్లు రాసి. ఉత్తరం లేదని ఏడుపొచ్చింది నాకు. ఫేర్‌వెల్ రోజు నా స్లామ్‌బుక్‌లో 'ప్రేమ అంటే?' అన్న ప్రశ్నకి ఎదురుగా గీత పెట్టి వదిలేశాడు. చివర 'ఎంసెట్ బాగా రాయి' అని రాశాడు. ఆ తర్వాత అతన్ని చూడలేదు. ఇంటర్ పుస్తకాలన్నీ అమ్మ ఎప్పుడో పాత పేపర్లవాడికి వేసేసింది. ఆ రికార్డు మాత్రం నేను వెయ్యనివ్వలేదు.

నవంబరులో ఒక సాయంత్రం మా పిన్ని వాళ్లు వచ్చారని నేను స్టేషన్‌కి వెళ్లకుండా నేరుగా ఇంటికి పోయాను. ఆ రోజు వాడు ప్లాట్‌ఫారం మీద తనకి అడ్డంగా నిలబడి, "ఇవాళ చెప్పి తీరాలి" అన్నాడట. తను పక్కకి తప్పుకుంది. జేబులోంచి బ్లేడు తీసి అందరి ముందూ చెయ్యి కోసుకున్నాడు. గాయం పెద్దది కాదు. జనం మూగారు. తను రైలెక్కింది. తన కన్నా ముందే ఆ కబురు తన ఊరు చేరింది.

మర్నాడు తను రాలేదు. ఆ వారం రాలేదు. తర్వాత తెలిసింది, చదువు మానిపించారని. "ఏమీ లేకుండానే ఎవడైనా చెయ్యి కోసుకుంటాడా?" అని ఊళ్లో అన్నారట. వాడు మాత్రం కట్టు కట్టుకుని మళ్లీ కాలేజీకి వచ్చాడు. వాడి స్నేహితులు వాణ్ణి భుజాల మీద చేతులేసి నడిపించుకుంటూ వెళ్లడం నేను చూశాను. సినిమాలో హీరో ఫ్రెండ్స్ లాగానే.

సంక్రాంతి సెలవులకి అమ్మని బతిమాలి తన ఊరికి బయల్దేరాను. ఏడాదిన్నర ఆ రైలు కోసం ఎదురుచూశాను కానీ, ఎక్కడం అదే మొదటిసారి. లేడీస్ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. రైలు కదిలాక ఒక విషయం అర్థమైంది. ఇందులో ఎక్కినవాళ్లు స్టేషన్ వచ్చేదాకా దిగలేరు. లేచి ఎక్కడికీ పోలేరు. ప్రతి స్టేషన్లో ఎవడో ఒకడు దిగి కిటికీ పక్కగా నడిచి, లోపలికి తొంగి చూసి మళ్లీ ఎక్కుతాడు. తను రోజుకి రెండుసార్లు ఈ పెట్టెలో కూర్చుంది. నేను బెంచీ మీద కూర్చుని పాటలు పాడాను.

వాళ్ల ఇంటి ముందు వడ్లు ఎండబోసి ఉన్నాయి. నాయనమ్మ వసారాలో మినుములు చెరుగుతోంది. తను పెరట్లోకి తీసుకెళ్లింది. గేదె దగ్గర మెట్టు మీద కూర్చున్నాం. చాలాసేపు ఏం మాట్లాడాలో తెలియలేదు. చివరికి తనే అంది, "నువ్వు కథ చెప్తుంటే మధ్యలో ఆపి ఒకటి అడగాలనిపించేదే. ఆ అమ్మాయికి భయం వెయ్యలేదా అని. నువ్వు అంత సంతోషంగా చెప్పేదానివి, ఆపబుద్ధయ్యేది కాదు."

నాకు నోట మాట రాలేదు. తను నా చెయ్యి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. క్షమించమని నేను అడగాలి. తను నన్ను ఓదార్చింది.

మార్చిలో పరీక్షలకి వాళ్లన్నయ్య తనని తీసుకొచ్చి, అయిపోగానే తీసుకెళ్లాడు. హాల్లో నాకు నాలుగు బెంచీల అవతల కూర్చుంది. మాట్లాడడానికి కుదర్లేదు. తను ఎంసెట్ రాయలేదు.

తర్వాత ఉత్తరాలు రాసుకున్నాం. నేను ఇన్‌లాండ్ లెటర్ మూడు వైపులా నింపి, మడత మీద కూడా రాసేదాన్ని. తను రెండు నెలలకి ఒకసారి పది లైన్లు రాసేది. గేదె ఈనింది, అన్నయ్యకి సంబంధం చూస్తున్నారు, డిగ్రీ ప్రైవేటుగా కడుతున్నాను. సినిమా కథలు రాయడం మానేశాను. వాటి బదులు తన నోట్సులో ఏం లేదో అడిగి కాపీ చేసి పంపేదాన్ని. ఇంగ్లిష్ గ్రామర్ మొత్తం అలా ఉత్తరాల్లో వెళ్లింది.

2007లో హైదరాబాద్‌లో ఉద్యోగంలో ఉన్నప్పుడు 'హ్యాపీ డేస్' చూశాను. అమ్మాయిలూ అబ్బాయిలూ ఒక గుంపుగా తిరగడం, పోట్లాడుకోవడం, మళ్లీ కలవడం. ఆఫీసులో నా పక్కన కూర్చునే వాళ్లందరూ "మా కాలేజీ ఇలాగే ఉండేది" అన్నారు. నాకు ఆ సినిమా నచ్చింది. కానీ చూస్తున్నంతసేపూ మా క్లాసు మధ్యలో ఉన్న ఆ దారే గుర్తొచ్చింది. మేం అటూ ఇటూ మామూలుగా మాట్లాడుకుని ఉంటే, మగపిల్లవాడు పలకరించడానికీ పీడించడానికీ తేడా మాకు సినిమాలు చూసి ఊహించుకోవాల్సి వచ్చేది కాదు. మాకు తెలిసిన మగపిల్లలు తెర మీద వాళ్లు మాత్రమే.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారన్న వార్త వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్లాట్‌ఫారం మీద వాడి చేతిలో ఉన్నది బ్లేడు. వాడు అది తన చేతి మీదే వాడుకున్నాడు. వేరేలా జరిగి ఉంటే? 2013లో ఐపీసీలో 354-డి అని కొత్త సెక్షన్ చేర్చారు. వద్దన్నా అమ్మాయిని వెంటాడడం నేరమని అందులో రాశారు. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు వచ్చాయి. మా చిన్నప్పుడు దీనికి ఒకటే మాట ఉండేది, వెంటపడడం. "మూడేళ్లు వెంటపడి ఒప్పించాడు" అని పెళ్లిళ్లలో మెచ్చుకోలుగా చెప్పుకునేవాళ్లు. ఆ మూడేళ్లూ ఆ అమ్మాయి ఏ దారిలో నడిచి ఇంటికి పోయిందో ఎవరూ చెప్పుకునేవాళ్లు కాదు.

2014 జనవరిలో ఉదయ్ కిరణ్ పోయాడని టీవీలో చూశాను. 33 ఏళ్లు. నమ్మలేకపోయాను. మా వయసంతా అతని ముఖంలో ఉండేది. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించింది. తనకి ఫోన్ చేశాను. అప్పటికి తను బీఈడీ చేసి, డీఎస్సీ రాసి టీచరయింది. ఇద్దరు పిల్లలు.

"చూశానే, పొద్దుట్నుంచీ మనసేం బాలేదు" అంది. కాసేపు ఇద్దరం అతని గురించే మాట్లాడుకున్నాం. తర్వాత అడిగింది, "నీకో సంగతి చెప్పలేదు కదా. పెళ్లయ్యాక మా ఇంట్లో టీవీ కొన్నారు. మొట్టమొదట చూసిన సినిమా 'నువ్వు నేను'. చూస్తూ చూస్తూ మా ఆయన్ని అడిగాను, ఇందులో హీరోయిన్ స్నేహితురాలు ఉండాలి కదా, ఎప్పుడొస్తుంది అని."

"స్నేహితురాలెవరే?"

"నువ్వు చెప్పిన కథలో ఉందే! హీరోయిన్‌కి కష్టం వచ్చినప్పుడల్లా వెళ్లి పక్కన కూర్చునేది. రాత్రిపూట కూడా తోడు వెళ్లేది. రైల్వే స్టేషన్లో చెయ్యి పట్టుకుని నిలబడేది. సినిమా అయిపోయేదాకా చూశాను. ఆ పిల్ల లేనే లేదు."

నేను అలా చెప్పానని నాకు జ్ఞాపకం లేదు. కానీ చెప్పే ఉంటాను. ఫైట్లు వదిలేసిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. నన్ను పెట్టుకున్నాను.

"నువ్వు చెప్పిందే బాగుందే" అంది తను. ఫోన్ పట్టుకుని ఏడ్చాను. తనకి వినపడే ఉంటుంది.

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు మళ్లీ రేపల్లె రైలెక్కాను. మా అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లాను. తనకిప్పుడు పదిహేనేళ్లు. స్నేహితురాలు స్టేషన్‌కి వచ్చింది. జుట్టు నెరిసింది. నడక మాత్రం అదే, పుస్తకాలు లేకపోయినా చేతులు గుండెకి హత్తుకుని.

అన్నాలయ్యాక వాళ్ల స్కూలు సంగతి చెప్పింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె, ఎవడో రోజూ సైకిలేసుకుని వెనకాలే వస్తున్నాడని చెప్పిందట. పక్కనున్న పిల్లలు "లవ్వు టీచర్!" అని నవ్వారట. "నువ్వేం చేశావు?" అని అడిగాను.

"భయం వేస్తోందా అని అడిగాను. వేస్తోంది అంది. పదిహేను రోజులు దాని పక్కన నడిచి ఇంటి దాకా దిగబెట్టాను. వాళ్ల నాన్నతో కూడా మాట్లాడాను, చదువు ఆపొద్దని."

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాం. మా అమ్మాయి ఫోన్ చూసుకుంటోంది. వీధిలో భోగి మంటకి పిల్లలు తాటాకులు పోగేస్తున్నారు. తను నా వైపు తిరిగి, "ఈమధ్య ఏం సినిమా చూశావు? చెప్పు" అంది.

"మొత్తమా?"

"పేర్లు పడే దగ్గర్నుంచీ. కానీ ఈసారి మధ్యమధ్యలో ఆపుతాను."

మొదలుపెట్టాను. మూడో సీన్ దాటకుండానే ఆపింది. మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి దగ్గరికి జరిగి కూర్చుంది.